రహీం సాహెబు బోధించిన ఆట

కళాశాల జట్టునకు ఆయుర్దాయము ఒక్క ఏడాది మాత్రమే. జూన్ మాసమున తొలకరి వానలతోపాటు కొత్త విద్యార్థులు వత్తురు. తడిసిన మైదానమున జట్టు కుదురుకొనును. దీపావళికి అటునిటుగా పోటీలు ముగియును. అంతట పరీక్షల భయము పట్టుకొనును. మరుసటి జూన్ వచ్చునప్పటికి ఆ పదునొకండుగురిలో సగముమంది కనబడరు. కొందరు ఉద్యోగములకు, కొందరు పైచదువులకు తరలిపోవుదురు. కనుక కళాశాల జట్టును నడుపువారు ఏ ఒక్క మేటి ఆటగానినో నమ్ముకొని కూర్చుండుటకు వీలులేదు. ప్రతి సంవత్సరమును మొదటి అక్షరమునుండి నేర్పవలసినదే. ఈ చిన్న సత్యమును జీవితాంతము విడువక పట్టుకొని, భారతదేశపు ఫుట్‌బాలును ఆసియాఖండమున అగ్రస్థానమున నిలిపిన ఉపాధ్యాయులు ఒకరు హైదరాబాదున నుండిరి. వారే సయ్యద్ అబ్దుల్ రహీం.

కళాశాలల చరిత్రలో సూరతు నగరమునకును హైదరాబాదునకును ఒక చిన్న చుట్టరికము కలదు. తాపీ తీరమునందలి సూరతులో 1912లో ఏర్పడిన సార్వజనిక్ ఎడ్యుకేషన్ సొసైటీ 1918లో ఒక కళాశాలను నెలకొల్పెను. అదియే తరువాత ఎం.టి.బి. ఆర్ట్స్ కళాశాలగా పేరు వహించినది. ఆ 1918వ సంవత్సరముననే హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపితమయ్యెను. ఒకటి పౌరుల పూనికతో వెలసినది. రెండవది నిజాము ప్రభువు ఫర్మానాతో వెలసినది. పుట్టుకలు వేరైనను, చదువుతోపాటు ఆటయు విద్యలో భాగమేయన్న భావము ఆ కాలపు విద్యాసంస్థలన్నిటిలోను మెల్లమెల్లగా వేరూనుచుండెను. ఉస్మానియాలో ఆర్ట్స్ చదివి, అచటి కళాశాల జట్టులో ఫుట్‌బాలు ఆడినవారిలో రహీం ఒకరు.

ఆయన 1909 ఆగస్టు 17న హైదరాబాదున జన్మించిరి. పట్టము పుచ్చుకొనిన పిమ్మట ఉపాధ్యాయవృత్తిని చేపట్టి, కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలగు చోట్ల పాఠశాలలలో పనిచేసిరి. వ్యాయామవిద్యలో డిప్లొమా పొంది, పాఠశాలలలో ఆటల బాధ్యతను కూడ వహించిరి. సిటీ కాలేజి పూర్వవిద్యార్థుల జట్టు ఆనాడు హైదరాబాదులో పేరెన్నికగన్నది. రహీం అందులోను ఆడిరి. అయినను ఆయనకు చిరకీర్తి తెచ్చినది తాము ఆడిన ఆట కాదు, ఇతరులకు నేర్పిన ఆట. నల్లబల్లయెదుట నిలిచిన ఉపాధ్యాయుడు తరగతిలోని చివరి బల్లవానిని కూడ గమనించునట్లు, మైదానమున నిలిచిన రహీం ప్రతి కుర్రవాని కాళ్లను గమనించుచుండిరి.

హైదరాబాదు సీమకు ఈ ఆట దండులతో వచ్చినది. సికింద్రాబాదు, తిరుమలగిరి, బొల్లారము దండుప్రదేశములలో ఆంగ్ల సైనికులు ఆడుచుండగా చూచి పట్టణపు కుర్రవాండ్రు నేర్చుకొనిరి. దేశమంతటను కథ ఇంచుమించు ఇదియే. సిమ్లాలో 1888లో డ్యూరాండు కప్పు, బొంబాయిలో 1891లో రోవర్స్ కప్పు మొదలయ్యెను. రెండును మొదట తెల్లసిపాయిల పటాలముల సొత్తుగానే ఉండెను. రోవర్స్ కప్పును ఒక భారతీయ జట్టు గెలుచుటకు 1937వ సంవత్సరము రావలసివచ్చెను. అది బెంగుళూరు ముస్లిమ్స్ జట్టు. డ్యూరాండు కప్పును 1940లో కలకత్తా మొహమ్మడన్ స్పోర్టింగు జట్టు గెలుచుకొనెను.

హైదరాబాదు ఫుట్‌బాలు సంఘము 1939లో ఏర్పడినది. కొలదికాలమునకే దాని కార్యదర్శి బాధ్యత రహీం సాహెబు భుజములపై పడినది. 1943లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు ఆయన శిక్షకులైరి. మరణపర్యంతము ఆ బంధము తెగలేదు. ఆ యేడే పోలీసు జట్టు బెంగుళూరులో ఆష్ గోల్డు కప్పును గెలిచి, దక్షిణాదిన ఒక కొత్త శక్తి తలయెత్తినదని చాటెను.

ఇచట ప్రభుత్వోద్యోగుల కుటుంబములవారు గుర్తింపదగిన విషయమొకటి కలదు. ఆ జట్టులోనివారు ఆటనే వృత్తిగా చేసికొని ధనము కూడబెట్టినవారు కారు. వారు నెలజీతముపై బ్రతుకు పోలీసు ఉద్యోగులు. హైదరాబాదు గల్లీలలో బంతి తన్నిన బీదకుర్రవానికి పోలీసుశాఖలో కొలువు దొరకుట యనగా ఇంటిల్లిపాదికి అన్నము దొరకుట. అధికారులలోని క్రీడాభిమానులు ఆటగాండ్రను ఏరి కొలువిచ్చిరి. రహీం సాహెబు ఆ కొలువునకు తగిన చదువు చెప్పిరి. ఒక ప్రభుత్వశాఖయు, ఒక బడిపంతులును చేయి కలిపినందున వచ్చిన ఫలితమే తరువాతి కథ.

ఆయన బోధనలోని విశేషమేమి? నాటి మనదేశపు ఆటలో బంతి దొరికినవాడు దానిని విడువకుండుటయే గొప్ప. ఇద్దరు ముగ్గురిని తప్పించుకొని, ప్రేక్షకులచే చప్పట్లు కొట్టించుకొని, చివరకు బంతిని పోగొట్టుకొనినను వానిని మేటియనియే పిలిచెడివారు. రహీం సాహెబు ఈ అలవాటును మందలింపులతో మాన్పింప జూడలేదు. పోటీల నిబంధనలనే మార్చివేసిరి. హైదరాబాదులో ఆయన జరిపించిన కొన్ని పోటీలలో డ్రిబ్లింగు నిషిద్ధము. బంతి అందినవాడు వెంటనే దానిని తోటివానికి పంపవలెను. అట్టి ఆటలో బంతి రాకముందే అది ఎటు పోవలెనో ఆలోచింపక తప్పదు. బంతిలేని తక్కిన పదుగురును నిలుచుండి చూచుటకు వీలులేదు. ఖాళీ చోటు వెదకుకొనుచు పరుగెత్తవలెను. ఒక్క నిబంధనతో పదునొకండుగురి బుద్ధికి పదును పెట్టిన ఉపాయమిది.

మరికొన్ని పోటీలలో బలహీనమైన కాలితోనే ఆడవలెను. కుడికాలివాడు ఎడమకాలితో, ఎడమకాలివాడు కుడికాలితో తన్నవలెను. మొదట నవ్వులపాలైనను, కొన్నాళ్లకు రెండు కాళ్లును సమముగా పనిచేసెడివి. చిన్నవారు పెద్దవారి ధాటికి నలిగిపోకుండునట్లు వయస్సునుబట్టియు, ఎత్తునుబట్టియు కూడ పోటీలు పెట్టించిరి. ఈ ఏర్పాట్లకు విదేశీ పరికరములు అక్కరలేదు, అధికవ్యయము అక్కరలేదు. ఒక మైదానము, ఒక బంతి, ఈల చేతబట్టిన ఒక ఉపాధ్యాయుడు ఉన్న చాలును. ఏ ఊరి కళాశాలయైనను రేపే మొదలుపెట్టదగినంత సులభమైన పద్ధతులివి.

ఈ చదువునకు పరీక్ష 1950వ సంవత్సరమున వచ్చెను. అప్పటికి హైదరాబాదు సంస్థానము భారతదేశమున చేరి రెండేండ్లయినది. 1948 సెప్టెంబరునాటి పోలీసు చర్య, దానికి ముందును వెనుకను జరిగిన కల్లోలము జనుల మనస్సులలో ఇంకను పచ్చిగానే ఉండెను. ఎవరి భవిష్యత్తు ఏమగునో తెలియక ఎన్నో కుటుంబములు దిగులుపడుచుండెను. అట్టి సమయమున హైదరాబాదు సిటీ పోలీసు జట్టు బొంబాయికి పోయి రోవర్స్ కప్పును గెలిచినది. యుద్ధకాలమునుండి ఆగిపోయియున్న డ్యూరాండు పోటీలు ఆ ఋతువుననే ఢిల్లీలో తిరిగి మొదలయ్యెను. వాని ఫైనలులో కలకత్తా మోహన్ బగాన్ జట్టును ఓడించి ఆ కప్పును కూడ హైదరాబాదు పోలీసులు చేజిక్కించుకొనిరి. దేశమున పేరుపొందిన రెండు కప్పులు ఒకే ఋతువున ఒకే ఊరికి వచ్చెను. ఏ నగరము పేరు చెప్పినచో పత్రికలలో అల్లరులు, అరెస్టులు మాత్రమే తలపునకు వచ్చుచుండెనో, ఆ నగరము పేరును దేశము ఆటనుబట్టి పలుకసాగెను. రెండేండ్లుగా తలవంచుకొని తిరిగిన ఊరికి ఆ గెలుపు చేసిన మేలు వెండికప్పుల విలువకు మించినది.

ఒక ఋతువులోని గెలుపు అదృష్టముచేత కూడ రావచ్చును. కాని 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పు హైదరాబాదు పోలీసుల చేతినుండి జారలేదు. అప్పటి జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, మొయినుద్దీన్ వంటి ఘనులుండిరి, నిజమే. కాని ఐదేండ్లలో గాయపడినవారు, వయస్సు మీరినవారు, కొత్తగా చేరినవారు ఎందరో ఉందురు. మనుష్యులు మారినను ఆట మారలేదు. కళాశాల జట్టులో ఏటేటా కొత్తవారికి నేర్పవలసిన ఉపాధ్యాయునకు ఇది కొత్త విద్య కాదుకదా!

జాతీయజట్టు బాధ్యతయు 1950లో ఆయనకే లభించెను. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో భారతదేశము ఇరాన్‌ను 1-0 గోలుతో ఓడించి స్వర్ణపతకము గెలిచెను. మరుసటి యేడు హెల్సింకి ఒలింపిక్సులో మాత్రము ఘోరపరాజయము ఎదురయ్యెను. ఉత్తరదేశపు చలిలో మనవారు పలువురు వట్టికాళ్లతో ఆడి, యుగోస్లావియా చేతిలో 10-1 గోలుల తేడాతో ఓడిపోయిరి. ఆ ఓటమి పిమ్మటనే బూట్లు ధరించుట మన ఆటగాండ్రకు తప్పనిసరి చేయబడెను. రహీం సాహెబు ఆ ఓటమిని వాతావరణముపైకి నెట్టివేయక, పాఠముగా స్వీకరించిరి. 1953లో హంగరీ జట్టు ఇంగ్లండును లండనులోనే 6-3 గోలులతో ఓడించినప్పుడు ప్రపంచము ఒక కొత్త వ్యూహమును చూచెను. ముందువరుసలోని నడిమి ఆటగాడు వెనుకకు జరిగి ఆటను అల్లుట అందలి మర్మము. అట్టి వ్యూహములను భారతీయుల శరీరతత్త్వమునకు తగినట్లు మలచుటకు ఆయన పూనుకొనిరి. ఎత్తులోను బలములోను తక్కువైనవారు నేలబారు పాసులతో, వేగముతో గెలువవలెనన్నది ఆయన సిద్ధాంతము.

ఆ సిద్ధాంతము 1956లో మెల్‌బోర్నున ఫలించెను. నెవిల్ డిసౌజా మూడు గోలులు చేయగా, ఆతిథేయులైన ఆస్ట్రేలియావారిని 4-2తో ఓడించి భారతదేశము ఒలింపిక్ సెమీఫైనలు చేరెను. ఆసియాఖండమునుండి ఆ మెట్టెక్కిన మొదటి జట్టు మనదే. సెమీఫైనలులో యుగోస్లావియాపై మొదటి గోలు మనవారే చేసినను, చివరకు 4-1తో ఓడిరి. బల్గేరియా చేతిలో కూడ ఓడి నాలుగవ స్థానముతో తృప్తిపడిరి. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, సలాం, లతీఫ్, జుల్ఫికరుద్దీన్, బలరాం మొదలగువారందరును హైదరాబాదు మైదానముల బిడ్డలే. గోలుకీపరు పీటర్ తంగరాజు సైన్యమున ఉద్యోగియైనను పుట్టినది హైదరాబాదుననే.

వీరిలో తులసీదాస్ బలరాం కథ ప్రత్యేకముగా చెప్పదగినది. సికింద్రాబాదు సమీపమున అమ్ముగూడలో 1936లో పుట్టిన బీదయింటి బిడ్డ. బూట్లు కొనిచ్చు శక్తి ఇంటికి లేక, పోలీసులు పారవేసిన పాతబూట్ల తోలుతో చెప్పులు కుట్టువాని చేత బూట్లు చేయించుకొని ఆడినవాడు. రహీం సాహెబు అతని ఆట చూచి సాధనకు రమ్మనిరి. అంతదూరము వచ్చుటకు డబ్బులేదని అతడు చెప్పగా, అద్దెసైకిలు కొరకై దినమునకొక రూపాయి తామే ఇచ్చిరి. ఆ రూపాయి వృథా పోలేదు. బలరాం 1956లో మెల్‌బోర్నునకు, 1960లో రోమునకు పోయి, రోము ఒలింపిక్సులో హంగరీపైనను పెరూపైనను గోలులు చేసెను. 1962లో అర్జున పురస్కారము పొందెను. ఆ మేటి క్రీడాకారుడు 2023 ఫిబ్రవరిలో కన్నుమూసెను. మైదానమున ప్రతిభ ఎంతయున్నను, దానిని మైదానము దాక చేర్చు ఒక్క రూపాయి లేక మరుగునపడినవారెందరో లెక్కించువారెవరు?

ఇక 1962. జకార్తాలో ఆసియా క్రీడలు. అప్పటికే రహీం సాహెబు దేహమును క్యాన్సరు వ్యాధి తొలుచుచుండెను. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తరువాత థాయిలాండుపై గెలిచిరి గాని, వెనుకవరుసకు ఆధారమైన జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను. జపానుపైనను గెలిచి సెమీఫైనలు చేరినపుడు శిక్షకుడు ఒక సాహసము చేసిరి. కట్టుకట్టిన తలతోనున్న జర్నైల్‌ను వెనుకవరుసనుండి తీసి, ముందువరుసలో నిలిపిరి. దక్షిణ వియత్నాముపై 3-2తో గెలిచిన ఆ ఆటలో అతడొక గోలు చేసెను. ఫైనలులో ఎదురైనది మరల దక్షిణ కొరియా. ఎత్తుగా వచ్చు బంతులే వారి బలమని గ్రహించి, అస్వస్థతనుండి కోలుకొనిన పొడుగరి తంగరాజును గోలులో నిలిపిరి. ఇజ్రాయేలును, తైవానును రానీయకపోవుటను ఒక భారతీయ ప్రతినిధి విమర్శించినందున జకార్తా జనులు మనవారిపై కినుక వహించియుండిరి. స్టేడియమంతయు ఎగతాళి కేకలతో దద్దరిల్లుచుండెను. సెప్టెంబరు 4న ఆ హోరు నడుమ పి. కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు చేసిరి. భారతదేశము 2-1తో స్వర్ణము గెలిచెను. తొమ్మిది నెలలు గడచిన పిమ్మట, 1963 జూన్ 11న రహీం సాహెబు పరమపదించిరి. ఆసియా క్రీడలలో ఫుట్‌బాలు స్వర్ణము నాటినుండి నేటివరకు మరల మన దేశమునకు రాలేదు.

గురువు పోయినను కొంతకాలము శిష్యుల వెలుగు మిగిలెను. అప్పటికి ఆంధ్ర పోలీసుగా పేరు మారిన జట్టు 1963లో రోవర్స్ కప్పు గెలిచెను. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీని సాధించెను. అంతకుముందు 1956-57, 1957-58లలో హైదరాబాదు జట్టు వరుసగా దానిని గెలిచియుండెను. 1970లో బాంకాకున మన దేశమునకు కాంస్యము తెచ్చిన జట్టునకు నాయకుడు హైదరాబాదీ నయీముద్దీన్. అందులో హబీబు కూడ ఉండెను. కాని అప్పటికే మంచి ఆటగాండ్రు కలకత్తా క్లబ్బులు ఇచ్చు ఆదరమునకు లోబడి తరలిపోవుట సాధారణమయ్యెను. వారిని తప్పుపట్ట రాదు. ప్రతిభ ఆదరమున్న చోటికే పోవును. తప్పు వేరొకచోట నున్నది. పోయినవారి స్థానమున కొత్తవారిని తయారుచేయు బడి మూతపడినది. పోటీలు తగ్గెను, ఆడుకొను మైదానములు తగ్గెను, క్రికెట్టు మోజు పెరిగెను. కప్పులను లెక్కించినవారు పెక్కుమంది గాని, ఎడమకాలితో ఆడించు పోటీలను కొనసాగించినవారు అరుదు.

ఈ శతాబ్దమున జరిగినదియు ఆలోచింపదగినదే. 2019లో హైదరాబాదు పేరిట ఒక వృత్తిక్రీడాజట్టు ఏర్పడి, 2021-22 ఋతువున ఇండియన్ సూపర్ లీగును గెలుచుకొనెను. అభిమానులు పూర్వవైభవము మరల వచ్చినదని సంతోషించిరి. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయెను. కొని తెచ్చుకొన్నది మరియొకరు కొనిన పోవును. నేర్చుకొన్నది మాత్రమే ఊరిలో నిలుచును. రహీం సాహెబు జీవితముపై 2024లో హిందీలో ‘మైదాన్’ అను చలనచిత్రము రాగా, ఆయన పేరు వినని తరమువారు కూడ ఆయనను తెలిసికొనిరి. స్మరణ మంచిదే, అనుసరణ అంతకంటె మంచిది.

నేడు సూరతు నగరమున తెలుగు మాట పరాయిమాట కాదు. తెలంగాణ జిల్లాలనుండి వచ్చిన నేతకుటుంబములు ఇచటి మరమగ్గముల నడుమ తరములుగా బ్రతుకుచున్నవి. బదిలీలపై వచ్చిన ఉద్యోగుల కుటుంబములును కలవు. 1961లో ఏర్పడిన రీజినల్ ఇంజనీరింగు కళాశాల, అనగా నేటి సర్దార్ వల్లభభాయి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ, దేశపు నలుమూలలనుండి విద్యార్థులను రప్పించుచున్నది; వారిలో తెలుగు బిడ్డలును కలరు. ఏటేటా జూన్, జులై నెలలు వచ్చును, వానలు కురియును, ఎక్కడనో ఒక కళాశాల మైదానమున కొత్తజట్టు కుదురుకొనును. ఆ జట్టు కప్పు గెలువవచ్చును, గెలువకపోవచ్చును. బదిలీలకు అలవాటుపడిన ఉద్యోగికి ఇది బాగుగా తెలిసిన సంగతియే: కుర్చీలో ఎవరున్నారన్నది మారుచుండును, చేసిన పని మాత్రము మిగులును.

అందుచేత తలిదండ్రులు మైదానమునుండి బురదకాళ్లతో వచ్చిన బిడ్డను ‘గెలిచితివా?’ అని అడుగుటకు ముందు ‘ఈనాడు ఏమి నేర్చితివి?’ అని అడిగినచో మేలు. హైదరాబాదులోని ఒక బడిపంతులు ఆ ప్రశ్నయే ఇరువదియేండ్లు విసుగులేక అడిగినందువలన పోలీసు ఉద్యోగులు దేశమునకు మేటులైరి. అద్దెసైకిలుపై వచ్చిన కుర్రవాడు ఒలింపిక్సులో గోలు కొట్టెను.